ఎంత ఎక్కించినా నిలవని పొటాషియం: ఒక కేసు, మూడు తప్పటడుగులు

ఈ కేసులోని జబ్బు అరుదైనదని రాయడం లేదు. రక్తపరీక్షలో కనబడిన రెండు లోపాలను మూడు రోజులపాటు నేరుగా సరిదిద్దబోయి విఫలమయ్యాం. ఆ రెండింటికీ మూలమైన మూడో లోపాన్ని అప్పటికి కొలవనే లేదు. కొలిచాక దాని కారణాన్ని తప్పుగా అంచనా వేశాను. అసలు కారణం తెలిశాక కూడా దాన్ని తొలగించే పద్ధతిలో పొరపాటు పడి మరో నెల పోగొట్టాను. ఏ దశలోనూ నా తర్కం పైకి అసంబద్ధంగా కనబడలేదు. అందుకే ఆ తర్కాన్ని ఉన్నదున్నట్టు విడమరిచి పెడుతున్నాను. రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలను కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమె వయసు అరవై దాటింది. పదేళ్లుగా అధిక రక్తపోటు ఉంది, దానికి రోజూ 12.5 మిల్లీగ్రాముల హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్నారు. మధుమేహం లేదు, మూత్రపిండాల జబ్బు లేదు, మద్యం అలవాటు లేదు. ఆరేళ్ల కిందట మోకాళ్ల నొప్పులకు కొన్నాళ్లు నొప్పి మాత్రలు వాడారు. వాటివల్ల కడుపులో పుండు పడకుండా తోడుగా, ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ 40 మిల్లీగ్రాములు ఇచ్చారు. నొప్పి మాత్రలు ఆరు వారాల్లో ఆగిపోయాయి. పాంటాప్రజోల్ ఆగలేదు. ఎప్పుడు ఆపాలో ఎవరూ రాయకపోవడంతో చీటీ మారిన ప్రతిసారీ అది పాత చీటీలోంచి కొత్త చీటీలోకి ఎక్కుతూ వచ్చింది. ఏయే మందులు వాడుతున్నారని మొదటిరోజు అడిగితే ఆమె బీపీ మాత్ర ఒక్కటే చెప్పారు. పాంటాప్రజోల్ సంగతి పాత చీటీలు తిరగేస్తే తెలిసింది. ఆమె దృష్టిలో అది మందు కాదు, గ్యాస్ మాత్ర.

వచ్చిన సమస్య

మూడు వారాలుగా నీరసం, పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి, రాత్రివేళ పిక్కలు పట్టేయడం. ఆందోళన వల్ల కావచ్చన్న అనుమానంతో అంతకుముందే కొన్నాళ్లు మందులు వాడి చూశారు, గుణం కనబడలేదు. వార్డులో చేర్చుకున్న రోజు సాయంత్రం సిస్టర్ నన్ను పిలిచి, "పట్టీ బిగిస్తే చెయ్యి వంకర పోతోంది డాక్టర్ గారూ, బీపీ చూడనివ్వడం లేదు" అన్నారు. వెళ్లి మళ్లీ పట్టీ కట్టి, రక్తపోటు అంకె కంటే కొంచెం పైకి గాలి నింపి చూశాను. రెండు నిమిషాలు కాకముందే మణికట్టు లోపలికి వంగింది, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది, మిగతా నాలుగు వేళ్లూ తిన్నగా ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకున్నాయి. పట్టీ వదిలాక చెయ్యి నెమ్మదిగా, ఒక్కొక్క వేలే విచ్చుకుంది. ఫ్రెంచి వైద్యుడు ఆర్మాన్ ట్రూసో 19వ శతాబ్దంలో వర్ణించిన లక్షణం ఇదే. రక్తంలో కాల్షియం పడిపోయినప్పుడు నరాలు చిన్న ఉద్దీపనకే పేలిపోయేంత సున్నితమవుతాయి. పట్టీ బిగించి రక్తప్రసరణను కాసేపు ఆపితే ఆ సున్నితత్వం బయటపడుతుంది.

పరీక్షల్లో కాల్షియం డెసీలీటరుకు 6.4 మిల్లీగ్రాములు ఉంది, రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రోటీన్ ఆల్బుమిన్ మామూలుగానే ఉంది కాబట్టి ఈ లోపం నిజమైనదే. పొటాషియం లీటరుకు 2.7 మిల్లీమోల్స్. మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ సవ్యంగా ఉంది. గుండె ప్రతి స్పందనకూ విద్యుత్తుపరంగా తేరుకునేందుకు పట్టే సమయాన్ని ఈసీజీలో క్యూటీ వ్యవధి చూపుతుంది, గుండె వేగానికి సరిచేస్తే అది 510 మిల్లీసెకండ్లు. అంత సాగిన వ్యవధి ప్రమాదకరమైన లయభంగానికి దారితీయవచ్చు కాబట్టి ఆమెను మానిటర్ మీద ఉంచాం.

మొదట చేసింది, అది ఎందుకు ఫలించలేదు

తగ్గినదాన్ని తిరిగి ఇవ్వాలన్నది మొదటి నిర్ణయం. కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి, పొటాషియం క్లోరైడ్ కొంత సెలైన్‌లో, కొంత నోటిద్వారా ఇచ్చాం. కాల్షియం ఎక్కిన కొన్ని గంటలు తిమ్మిరి తగ్గేది, తెల్లారేసరికి తిరిగి వచ్చేది. మూడో రోజు ఉదయం కాల్షియం 6.6, పొటాషియం 2.8. అంతంత మోతాదులు ఇచ్చినా అంకెలు ఉన్నచోటే ఉన్నాయి.

ఇచ్చింది ఎటు పోతోందని అడగాల్సిన చోటు ఇదే. మూత్రంలో పొటాషియం లీటరుకు 48 మిల్లీమోల్స్ ఉంది. రక్తంలో ఇంత కొరత ఉన్నప్పుడు ఆరోగ్యమైన మూత్రపిండం పొటాషియాన్ని గట్టిగా పట్టి ఉంచాలి. ఇక్కడ అది ధారపోస్తోంది. ఇక రక్తంలో కాల్షియాన్ని పెంచేందుకు మెడలోని గ్రంథులు విడుదల చేసే పారాథైరాయిడ్ హార్మోన్ మిల్లీలీటరుకు 14 పికోగ్రాములు, అంటే మామూలు స్థాయి కనిష్ఠ హద్దుకు కాస్త దిగువ. కాల్షియం ఇంతగా పడిపోతే ఆ గ్రంథులు హార్మోన్‌ను ఉధృతంగా విడుదల చేయాలి. అవి కదల్లేదు. మెడకు శస్త్రచికిత్స జరిగిన దాఖలా లేదు, విటమిన్ డి సరిపడా ఉంది.

ఒక అవయవం వదలకూడనిదాన్ని వదులుతోంది, మరొకటి వదలాల్సినదాన్ని వదలడం లేదు. ఈ రెండింటికీ వేరువేరు జబ్బులు వెతకాలన్న ఆలోచన ఆ ఉదయం నాకు వచ్చిన మాట నిజం. కానీ ఒకే మనిషిలో, ఒకే మూడు వారాల్లో, సంబంధం లేని రెండు జబ్బులు పుట్టాయనుకోవడం కంటే రెండింటినీ కలిపే ఒకే కారణాన్ని వెతకడం సబబు. అప్పటికి గాని మెగ్నీషియం పరీక్ష రాయలేదు. మామూలుగా పంపే లవణాల పరీక్షలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఉంటాయి, మెగ్నీషియం ఉండదు, విడిగా అడగాలి. నేను మూడు రోజులు అడగలేదు. ఫలితం డెసీలీటరుకు 0.6 మిల్లీగ్రాములు. ఉండాల్సింది సుమారు 1.7 నుంచి 2.2 దాకా.

ఒక లోపం రెండు లోపాలుగా ఎలా కనబడింది

పెద్దవారి శరీరంలో మెగ్నీషియం దాదాపు 25 గ్రాములు ఉంటుంది. సగానికి పైగా ఎముకల్లో, మిగతాది ఎక్కువభాగం కణాల్లోపల ఉంటుంది. రక్తంలో తిరిగేది ఒక శాతం కూడా కాదు. అందుకే రక్తంలో అంకె ఇంతగా పడిపోయిందంటే లోపలి నిల్వలు చాలాకాలంగా తరిగిపోతున్నాయని అర్థం.

మూత్రపిండంలోని సూక్ష్మనాళికల చివరి భాగంలో పొటాషియాన్ని మూత్రంలోకి వదిలే ద్వారాలు ఉంటాయి. వాటిని రోమ్‌కె అంటారు. కణంలోపలి మెగ్నీషియం అయాన్ ఆ ద్వారంలో బిరడాలా కూర్చుని పొటాషియం బయటికి పోకుండా అడ్డుకుంటుంది. కణంలో మెగ్నీషియం తరిగితే బిరడా ఊడుతుంది. అప్పుడు మనం పైనుంచి ఎంత పొటాషియం పోసినా కింద తెరిచి ఉన్న ద్వారంలోంచి పోతూనే ఉంటుంది. మా మూడు రోజుల సెలైన్ అక్కడికే పోయింది.

పారాథైరాయిడ్ గ్రంథి సంగతి ఇంకా వింతైనది. మెగ్నీషియం కొద్దిగా తగ్గినప్పుడు ఆ గ్రంథి హార్మోన్‌ను కాస్త ఎక్కువే విడుదల చేస్తుంది. బాగా తగ్గినప్పుడు మాత్రం కణంలోపలి సంకేత వ్యవస్థ తలకిందులై, రక్తంలో కాల్షియం పుష్కలంగా ఉన్నప్పుడు పనిచేసే నిరోధం కాల్షియం లేనప్పుడే పనిచేయడం మొదలుపెడుతుంది. హార్మోన్ తయారై సిద్ధంగా ఉంటుంది, బయటికి రాదు. వచ్చిన కొద్దిపాటి హార్మోన్ మాటను ఎముకలు, మూత్రపిండాలు కూడా సరిగా వినవు.

ఈ వివరణ నిజమైతే మెగ్నీషియం ఇచ్చిన వెంటనే హార్మోన్ పెరగాలి, కాల్షియం మాత్రం ఆలస్యంగా పెరగాలి. మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు మొదట, తరువాత 24 గంటలపాటు నెమ్మదిగా మరింత ఇచ్చాం. నెమ్మదిగా ఇవ్వడానికి కారణం ఉంది. రక్తంలో మెగ్నీషియం ఒక్కసారిగా పెరిగితే మూత్రపిండం దాన్ని మిగులుగా లెక్కగట్టి బయటికి తోసేస్తుంది, కణాల్లోకి చేరేందుకు వ్యవధి ఉండదు. మొదటి మోతాదు ముగిసిన గంటకు పంపిన నమూనాలో పారాథైరాయిడ్ హార్మోన్ 78కి చేరింది. మరుసటి రోజు నుంచి, అంతకుముందు ఇస్తున్న దానికంటే తక్కువ మోతాదుతోనే పొటాషియం నిలబడటం మొదలైంది. కాల్షియం సరైన స్థాయికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. చేతి కొంకర్లు రెండో రోజుకే పోయాయి, ఈసీజీ ఐదో రోజుకు కుదుటపడింది.

తప్పు నిందితుడు

మెగ్నీషియం ఎందుకు పోయింది? నా చూపు హైడ్రోక్లోరోథయజైడ్ మీద పడింది. మూత్రవిసర్జనను పెంచే ఈ తరగతి మందులు మెగ్నీషియాన్ని, పొటాషియాన్ని మూత్రంలో పోగొడతాయని ప్రతి వైద్య విద్యార్థికీ తెలుసు. సమాధానం చేతికందేంత దగ్గరలో ఉండటంతో దాన్ని పరీక్షకు పెట్టలేదు. మందు ఆపి ఆమ్లోడిపిన్ అనే మరో బీపీ మాత్రకు మార్చాను, మెగ్నీషియం ఆక్సైడ్ మాత్రలు రాశాను, ఎనిమిదో రోజున ఇంటికి పంపాను. ఆ రోజు అంకె 1.8. డిశ్చార్జి కాగితంలో పాంటాప్రజోల్ కూడా ఉంది, రాసింది నేనే. ఆమె వార్డులో ఉన్న ఎనిమిది రోజులూ ఆ మాత్ర ఉదయాన్నే ఆమెకు అందింది.

రెండు వారాలకు మెగ్నీషియం 1.4కి దిగింది. మాత్రల మోతాదు పెంచాను. పేగు పీల్చుకోలేని మెగ్నీషియం నీటిని పేగులోకి లాగుతుంది కాబట్టి ఆమెకు విరేచనాలు మొదలయ్యాయి, విరేచనాలతో మెగ్నీషియం మరింత పోయింది. ఐదో వారానికి అంకె 0.9, పొటాషియం 3.1, పిక్కల నొప్పి తిరిగి వచ్చింది. థయజైడ్ ఆపి నెల దాటింది. దాని ప్రభావం అన్నాళ్లు ఉండదు.

ఈసారి చికిత్సకు ముందే, నరంలోకి మెగ్నీషియం ఎక్కించకుండానే, మూత్ర నమూనా తీసుకున్నాం. ఈ వరుసక్రమం చాలా ముఖ్యం, ఎక్కించాక తీసిన నమూనా తప్పుదారి పట్టిస్తుంది. మూత్రంలో మెగ్నీషియం డెసీలీటరుకు 0.5, మూత్రంలో క్రియాటినిన్ 80, రక్తంలో క్రియాటినిన్ 0.8, రక్తంలో మెగ్నీషియం 0.9 మిల్లీగ్రాములు. మూత్ర మెగ్నీషియాన్ని రక్త క్రియాటినిన్‌తో గుణిస్తే 0.4 వస్తుంది. రక్త మెగ్నీషియాన్ని మూత్ర క్రియాటినిన్‌తో, దాన్ని 0.7తో గుణిస్తే 50.4 వస్తుంది. రక్తంలోని మెగ్నీషియంలో దాదాపు 30 శాతం ప్రోటీన్‌కు అతుక్కుని వడపోతకు అందదు, అందుకే ఆ 0.7. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 0.8 శాతం, వడపోతలో వచ్చిన మెగ్నీషియంలో మూత్రంలోకి పోయిన వంతు ఇది. మూత్రపిండమే దొంగ అయితే ఈ అంకె 2 నుంచి 4 శాతం దాటాలి. వడపోతలో వచ్చిన మెగ్నీషియాన్ని ఆమె మూత్రపిండాలు ఒక్క చుక్క పారేయకుండా దాచుకుంటున్నాయి. అంటే లోపం పేగులో ఉంది.

విరేచనాలు మాత్రల తరువాతే వచ్చాయి, మొదటి పతనానికి అవి కారణం కాలేవు. పేగుకు సంబంధించిన శస్త్రచికిత్స లేదు, పోషకాలు పీల్చుకోలేని జబ్బు లక్షణాలు లేవు. మందుల సంచీ మొత్తం బల్లమీద పోయించి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆరేళ్ల పాంటాప్రజోల్ ముందుకు వచ్చింది.

కడుపులో ఆమ్లానికి, పెద్దపేగులో లవణానికి సంబంధం

పాంటాప్రజోల్ తరగతి మందుల్లో మొదటిదైన ఒమెప్రజోల్ 1988లో అందుబాటులోకి వచ్చింది. వీటివల్ల మెగ్నీషియం పడిపోవచ్చన్న సంగతి మొదటిసారి ప్రచురితమైంది 2006లో, ఇద్దరు రోగుల అనుభవంగా. వాళ్లిద్దరిలోనూ పారాథైరాయిడ్ హార్మోన్ అణగిపోయి ఉంది. 2011 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. తాము పరిశీలించిన కేసుల్లో దాదాపు నాలుగో వంతులో మెగ్నీషియం ఇవ్వడం ఒక్కటే సరిపోలేదనీ, ఈ మాత్ర ఆపాల్సి వచ్చిందనీ, ఎక్కువ కేసులు ఏడాదికి మించి వాడినవారిలో వచ్చాయనీ అందులో ఉంది.

మెగ్నీషియం పేగు గోడను దాటడానికి రెండు దారులున్నాయి. కణాల మధ్య సందుల్లోంచి ఊటలా దిగేది మొదటిది. ఆహారంలో మెగ్నీషియం ఎక్కువగా ఉన్నప్పుడే దానివల్ల ప్రయోజనం. కణాల్లోంచి పూనుకుని లాక్కునే టీఆర్‌పీఎం6, టీఆర్‌పీఎం7 అనే ద్వారాలు రెండోది. ఇవి ముఖ్యంగా పెద్దపేగులో ఉండి కొరత సమయంలో ఆదుకుంటాయి. టీఆర్‌పీఎం6 జన్యువు పుట్టుకతోనే చెడిపోయిన శిశువుల్లో మెగ్నీషియం, దాని వెంట కాల్షియం పడిపోయి మూర్ఛలు వస్తాయని 2002లో తేలింది. మా రోగిలో మందు సృష్టించిన చిత్రం ఆ శిశువుల చిత్రానికి చాలా దగ్గరగా ఉంది. ఆమ్లం తగ్గి పేగులోని పీహెచ్ మారితే మెగ్నీషియం కరిగే గుణం, ఈ ద్వారాల పనితీరు రెండూ దెబ్బతింటాయన్నది ఇప్పుడు ఎక్కువమంది అంగీకరించే వివరణ. నేను రాసిన ఆక్సైడ్ మాత్రలు ఎందుకు ఫలించలేదో కూడా దీనితో అర్థమవుతుంది. పెద్ద ద్వారం మూసుకుపోయింది, సందుల్లోంచి దిగేంత మోతాదు ఇవ్వబోతే విరేచనాలు వచ్చాయి.

ఆపిన తరువాత జరిగింది

నరంలోకి మెగ్నీషియం ఇచ్చి పాంటాప్రజోల్ ఆపించాను. వారానికి అంకె 1.8. కేసు ముగిసిందనుకున్నాను. నాలుగో వారం వచ్చినప్పుడు 1.2 ఉంది. ఏమైనా మందులు మారాయా అని అడిగితే కాసేపు మౌనంగా ఉండి, "మీరు కోప్పడతారని చెప్పలేదండీ. ఆపిన నాలుగో రోజు నుంచి గుండెల్లో ఒకటే మంట. పది రోజులు ఓర్చుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఆ మాత్ర లేకుండా నా ఒంటికి పడదు" అన్నారు.

ఆమెకు అంతకుముందు గుండెల్లో మంట ఎన్నడూ లేదు. పాంటాప్రజోల్ మొదలైంది మంటకోసం కాదు, నొప్పి మాత్రలకు తోడుగా. ఆ మంటను పుట్టించింది మాత్ర ఆపడమే. ఆమ్లం లేనప్పుడు కడుపు ఊరుకోదు. గాస్ట్రిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, దాని ప్రోద్బలంతో హిస్టమిన్ విడుదల చేసే కణాలు పెరిగి బలుస్తాయి. మాత్ర ఆ ఒత్తిడినంతా మూతపెట్టి ఉంచుతుంది. మూత హఠాత్తుగా తీస్తే, బలిసిన ఆ కణాల వల్ల ఆమ్లం మామూలుకంటే ఎక్కువగా పొంగుతుంది, కణాలు తిరిగి సన్నబడేదాకా కొన్ని వారాలు అలాగే ఉంటుంది. 2009లో డెన్మార్క్ పరిశోధకులు జీర్ణకోశ బాధలేమీ లేని ఆరోగ్యవంతులకు ఎనిమిది వారాలు ఇదే తరగతికి చెందిన ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపితే, వారిలో 44 శాతం మందికి తరువాతి వారాల్లో ఆమ్ల లక్షణాలు కనబడ్డాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 15 శాతం మందికే వచ్చాయి. జబ్బు లేనివారికి మందు ఆపడం జబ్బు తెచ్చిపెట్టింది.

ఈ సంగతి నాకు తెలుసు. ఆమెకు మాత్రం చెప్పలేదు. ఈ కేసులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది మెగ్నీషియం అడగని మూడు రోజులకంటే ఇదే. మంట వస్తుందని ముందే చెప్పి ఉంటే ఆమె దాన్ని తాత్కాలికమని గుర్తుపట్టేవారు. చెప్పకపోవడంతో, మాత్ర తనకు జీవితాంతం అవసరమనడానికి ఆ మంటనే రుజువుగా తీసుకున్నారు. ఆమె స్థానంలో ఉన్న ఎవరి నిర్ణయమైనా అదే.

మందు ఆపితే అంకె పెరిగి, తిరిగి మొదలుపెట్టిన రెండు వారాల్లో పడిపోవడంతో కారణం విషయంలో నాకు అనుమానం మిగల్లేదు. ఇక మిగిలింది ఆపే పద్ధతి. మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించడం చాలామంది పాటించే పద్ధతి, మంటను అది తగ్గించగలదు కూడా. అయినా ఆమె విషయంలో ఒప్పుకోలేకపోయాను. ఒకసారి క్యూటీ 510కి సాగిన గుండె, మళ్లీ దిగుతున్న మెగ్నీషియం. తగ్గించే ఆ వారాలన్నీ మందు లోపల పనిచేస్తూనే ఉంటుంది. అందుకే పాంటాప్రజోల్‌ను ఆ రోజే పూర్తిగా ఆపి, బదులుగా 20 మిల్లీగ్రాముల ఫామోటిడిన్ రోజుకు రెండుసార్లు ఇచ్చాను. ఇది హిస్టమిన్ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది, కాబట్టి పొంగే ఆమ్లాన్ని దాని మూలంలోనే కొంత అణుస్తుంది. అంతకుముందు ప్రచురితమైన కేసుల్లో ఈ తరగతి మందులకు మారాక మెగ్నీషియం నిలిచింది. వారం రెండు వారాల్లో శరీరం దీనికి కొంత అలవాటు పడుతుంది, ఆ లోటుకు మంట వచ్చినప్పుడు మాత్రమే తాగేందుకు ఆల్జినేట్ సిరప్ ఇచ్చాను. ఒక కాగితం మీద వారాలను గళ్లుగా గీసి, "మూడు నాలుగు రోజుల్లో మంట మొదలవుతుంది, రెండు వారాలు బాగా ఉంటుంది, ఆ తరువాత దిగుతుంది. ఎక్కువైతే మాత్ర వేసుకోకండి అమ్మా, నాకు ఫోను చేయండి" అని చెప్పి ఆ కాగితం ఆమెకే ఇచ్చాను. రెండుసార్లు ఫోను చేశారు. రెండుసార్లూ మాటతోనే సర్దుకుంది.

ఏడో రోజు మెగ్నీషియం 1.7. ఎనిమిదో వారానికి మంట పోయింది, ఫామోటిడిన్ ఆపాం. మూడు నెలలకూ, ఏడాదికీ, ఏ లవణం మాత్రా లేకుండా అంకె 1.9 దగ్గర నిలిచింది.

ఈ కేసు తరువాత మారినవి

పొటాషియం ఇచ్చినా పెరగకపోతే రెండో రోజుకే మెగ్నీషియం అడుగుతున్నాను. కాల్షియం తక్కువగా ఉండి పారాథైరాయిడ్ హార్మోన్ కూడా తక్కువగా ఉంటే, గ్రంథి చెడిందని రాసే ముందు అడుగుతున్నాను. మెగ్నీషియం తగ్గిన ప్రతివారికీ, ఎక్కించే ముందే, మూత్ర నమూనా పంపుతున్నాం. థయజైడ్, పాంటాప్రజోల్ కలిసి వాడుతున్న మనిషిలో నష్టం ఎటువైపు జరుగుతోందో ఆ ఒక్క లెక్క చెబుతుంది. ఇద్దరూ నిందితులయ్యే సందర్భాలూ ఉంటాయి, మొదటి విడతలో ఆమెకు థయజైడ్ కొంత తోడై ఉండవచ్చు. ఆమ్లాన్ని తగ్గించే మాత్ర రాస్తే చీటీలోనే అది ఎన్ని వారాలకో రాస్తున్నాను.

ఇది చదివి ఎవరూ తమంత తాముగా ఈ మాత్రలు ఆపకూడదు. పుండు నుంచి రక్తస్రావం అయినవారికి, ఆస్పిరిన్ లేదా నొప్పి మాత్రలు తప్పనిసరిగా వాడాల్సిన పెద్దవారికి, అన్నవాహిక బాగా ఒరిసిపోయినవారికి ఇవి ప్రాణాలు కాపాడే మందులు. అలాంటివారిలో మెగ్నీషియం పడిపోతే వీలైనంత తక్కువ మోతాదుకు దిగడం, థయజైడ్ లాంటి మరో నష్టకారి ఉంటే దాన్ని మార్చడం, మెగ్నీషియాన్ని విరేచనాలు రానంత చిన్న మోతాదులుగా రోజులో మూడు నాలుగుసార్లు పంచి ఇవ్వడం, అంకె నిలకడగా ఉందని తేలేదాకా కొన్ని వారాలకోసారి, ఆపైన కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష చేయడం నేను పాటిస్తున్న పద్ధతి. డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవారిలో, గుండె లయ అప్పటికే చెదిరి ఉన్నవారిలో మాత్రం లక్షణాల కోసం ఎదురుచూడకుండా మాత్ర మొదలుపెట్టే రోజే మెగ్నీషియం చూసి పెట్టుకుంటున్నాను.